కమాను కట్ట మీద మూడు గాట్లు

గూడూరు పక్కన ఒక రైతు మా మామిడి మొక్కల్ని సగం దించుకుని, మిగతా సగం వద్దని వెనక్కి పంపిన రోజున ఇదంతా మొదలైంది.

నేను బండి ఆపి దిగేసరికే ఆయన వెనక తలుపు తీసి, ఒక మొక్క సంచిని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా ఊపి చూశాడు. వేళ్ల చుట్టూ ముద్దగా ఉండాల్సిన మట్టి పొడిపొడిగా కదిలింది. ఇంకొకటి ఊపాడు, అదీ అంతే. మూడోదానికి అంటు కట్టిన చోటే సన్నగా చీలిక కనిపించింది. ఆయన నన్నేమీ తిట్టలేదు. మొక్క బాగానే ఉందనీ, బండే బాగాలేదనీ, ఇంత కుదుపులో వచ్చిన మొక్కని నాటుకుంటే ఏడాదికి ఎండిపోతుందనీ చెప్పాడు. ఆ మాట నిజమని నాకు తెలుసు కాబట్టి బేరం ఆడలేదు.

మేము ఐరాల మండలంలో చిన్న నర్సరీ పెట్టుకుని బతుకుతున్నాం. టెంకలు నాటి మొలకలు పెంచడం, వాటికి మంచి చెట్ల పుల్లలు తెచ్చి అంటు కట్టడం మా ఆయన పని. ఆ నేర్పు నా చేతికి రాలేదు. పదేళ్ల కిందట ఆయన నడుము పట్టేసి, స్టీరింగు ముందు గంటసేపు కూడా కూర్చోలేని పరిస్థితి వచ్చినప్పుడు నేను బండి నేర్చుకున్నాను. అప్పటినుంచీ మొక్కల్ని చేరవేసేది నేనే. మా బండి పాత పికప్. మా చేతికి రాకముందే ఎవరిదగ్గరో ఆరేళ్లు టమోటా మోసింది. ఆ రకం బండ్లు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. షోరూములో సామాను అడిగితే, ఇంకా ఆ బండే నడుపుతున్నారా అన్నట్టు చూస్తారు.

గూడూరు నుంచి తిరిగొస్తుంటే ఎడమవైపు వెనక నుంచి టకటకమని చప్పుడు. గుంట వచ్చినప్పుడల్లా బండి ఆ వైపుకి కుంగి, లేవడానికి బద్ధకించేది. మర్నాడు చిత్తూరుకి తీసుకెళ్లాను.

మా మెకానిక్‌ది వేలూరు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు. అరవై దాటిన మనిషి. మా ఆయనకి పెళ్లికి ముందు నుంచీ తెలుసు. నేను మామా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. మాట చాలా తక్కువ. ఏదైనా అడిగితే ముందు గుడ్డతో చేతులు తుడుచుకుంటాడు, తరువాతే జవాబు. ఆ తుడుచుకునే కాసేపట్లో ఆయన నిజం వెతుక్కుంటున్నాడా, అబద్ధం వెతుక్కుంటున్నాడా అని నాకు ఎప్పుడూ ఒక ముల్లు గుచ్చుకునేది.

ఈ అనుమానం నాకు బండితో పాటే వచ్చింది. ఆడమనిషి పికప్ తోలుకుని వస్తే రోడ్డు మీద ఎవరికైనా ముందు నవ్వొస్తుంది, తరువాత ఆశ పుడుతుంది. ఒకసారి రేణిగుంట దగ్గర పంక్చరు వేసేవాడు టైరులోంచి తీశానని ఒక మేకు చూపించాడు. ఆ మేకు తుప్పు లేకుండా తళతళలాడుతోంది. అదే చేత్తో ఇంకో రెండు చిల్లులు ఉన్నాయన్నాడు. అప్పటినుంచీ పెట్రోలు బంకులో మీటరు సున్నా నుంచి కళ్లు తిప్పను. టైరు విప్పితే పక్కనే నిలబడతాను. అందరి దగ్గరా అలాగే ఉంటాను. ఒక్క మా ఆయన మాత్రం అందరినీ నమ్ముతాడు. ఇద్దరిలో ఒకరన్నా అలా ఉండకూడదని నేను ఇలా తయారయ్యానేమో కూడా.

మెకానిక్ బండి కిందికి దూరి చాలాసేపు చూసి బయటికొచ్చాడు. ఎడమవైపు కమాను కట్టలో పెద్ద పట్టీ చీలిందన్నాడు. ఇనప పట్టీల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించిన కట్ట అది. బండి బరువు మొత్తం దాని మీదే ఊగుతుంది. ఒక్క పట్టీ మారిస్తే నిలవదట, రెండు వైపులా కట్టలు మార్చాలట. రబ్బరు బుష్షులు అరిగాయట, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతున్నాయట. ఒకటి చెడిందని వెళితే నాలుగు చెడ్డాయని చెప్పే మనుషుల్ని నేను చాలామందిని చూశాను.

"ఈ బండికి మంచి సరుకు దొరికేది కష్టం పాపా," అన్నాడు. "ఈడ కొనొద్దు. తిరప్తిలో ఒక ముసలాయన ఉండాడు. టేసను ఎనక సందులో అంగడి. ఆయన కాడికి పో. నేను సెప్పినానని సెప్పు."

చివరి మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. సరుకు మంచిదైతే ఎవరు చెప్పారన్నది ఎందుకు? ఆయన పేరు చెబితే ఆయనకేదో ముడుతుందని నాకు నేనే తేల్చుకున్నాను. తిరుపతి వెళ్లాను కానీ, స్టేషను వెనక సందులోకి వెళ్లలేదు.

నేను వెళ్లిన అంగడి పెద్ద రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపు, లోపల ఫ్యాను కింద కుర్చీలు. యజమానికి నలభై ఏళ్లుంటాయి. అక్కా కూర్చోండి అని కాగితం కప్పులో కాఫీ తెప్పించాడు. నేను తాగకుండా సరుకు చూపించమన్నాను. ఆయనే ముందుగా దొంగ సరుకు గురించి ఎత్తుకున్నాడు. ఊళ్లో సగం అంగళ్లలో నకిలీవే అమ్ముతున్నారనీ, అట్టపెట్టె చూసి మోసపోవద్దనీ, వెండి స్టిక్కరు గీకితే కింద నంబరు వస్తుందనీ, దాన్ని ఫోనులో పంపితే కంపెనీ జవాబు ఇస్తుందనీ చెప్పాడు. షాక్ అబ్జార్బర్ల పెట్టె మీద నేనే గీకాను, నేనే పంపాను. అసలైన సరుకేనని జవాబు వచ్చింది. ఇంత అనుమానపు మనిషిని, అక్కడ మాత్రం నా మనసు కుదుటపడింది. కమాను కట్టలకి పెట్టె ఉండదు, స్టిక్కరు ఉండదు. కాగితం చీటీ ఒకటి అంటించి, కొత్త నల్ల రంగుతో నిగనిగలాడుతున్నాయి. షాక్ అబ్జార్బర్లు నిజమైనవి కాబట్టి ఇవీ నిజమైనవే అనుకున్నాను.

మెకానిక్ ఎవరని అడిగాడు. చిత్తూరులో ఒకాయన అని చెప్పి, ఆయన వేరే అంగడికి పొమ్మన్నాడని కూడా నోరు జారాను.

"వాళ్లంతా అంతేలే అక్కా," అని నవ్వాడు. "ఎవురి అంగడికి ఎవురు పంపిస్తారో మాకు తెల్దా? కొండ మీద సామి సూస్తాంటాడు."

ఆ మాట నేను అప్పటికే లోపల అనుకున్న మాట కావడం వల్ల, అతను తెలివైనవాడనీ నిజాయితీపరుడనీ అనిపించింది.

కట్టలు తెచ్చి షెడ్డులో దించితే మెకానిక్ వంగి, బొటనవేలితో ఒక పట్టీ అంచు పొడుగునా రాశాడు. స్పానరుతో ఒకసారి కొట్టి, ఆ మోత ఆగేదాకా విన్నాడు. యాడ తెచ్చినావని అడిగాడు. చెప్పాను. వాపసు ఇచ్చేసి రమ్మన్నాడు.

"ఎందుకు మామా?"

చేతులు తుడుచుకున్నాడు. "మోత బాలేదు."

అంతే. దానికి మించి ఒక్క ముక్క చెప్పలేదు. మోత బాగాలేదని వెళ్లి ఏ అంగడివాణ్ణి అడగను? తన మనిషి దగ్గర కొనలేదని కడుపుమంటగా ఉందని అనుకున్నాను. ఇవే బిగించమన్నాను. ఆయన ఇంకోసారి చెప్పలేదు. పని అయ్యేసరికి రెండు గంటలు పడుతుందనీ, వెళ్లి అన్నం తిని రమ్మనీ అన్నాడు. నేను తినొచ్చేసరికి కట్టలు బండి కింద బిగించి ఉన్నాయి.

రెండు నెలలు గడిచేసరికి బండి మళ్లీ కుంగింది. ఈసారి రెండు వైపులా. విల్లులా ఉండాల్సిన కట్టలు బల్లపరుపుగా అయిపోయాయి. మొక్కలు వేస్తే వెనక టైరు రేకుకి రాసుకుని రబ్బరు వాసన. నేను నేరుగా తిరుపతి అంగడికే బండి తోలుకెళ్లాను. యజమాని బయటికొచ్చి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, వంగి చూశాడు. లేచి నా వైపు జాలిగా చూశాడు.

"ఇవి నేనిచ్చినవి కాదక్కా. మీ మెకానిక్ మార్సేసినాడు."

అతను గొంతు తగ్గించి, ఇలాంటివి తాను రోజూ చూస్తుంటానని చెప్పాడు. కొత్తవి తీసి దాచుకుని, పాతవాటికి రంగు పూసి బిగిస్తారట. మీరు పక్కనే ఉన్నారా అని అడిగాడు. అన్నానికి వెళ్లానని చెప్పాను. అతను తల ఊపాడు.

"గుర్తు పెట్టుకోవాల గదక్కా. ఏ సరుకైనా మనకి మాత్రమే తెలిసే గుర్తు ఒకటి పెట్టుకుంటే, మార్సినా తెలస్తాది. ఇప్పుడు మీరూ ఏం సెప్పలేరు, నేనూ ఏం సెప్పలేను."

తిరుపతి నుంచి ఇంటికి వచ్చే దారంతా ఆ రోజు షెడ్డులో ఏం జరిగిందో తవ్వుకుంటూ వచ్చాను. అన్నం తిని రమ్మని ఎందుకన్నాడు? అంతకు ముందెప్పుడూ అనలేదు. ఆ రోజు షెడ్డులో మా బండిలాంటిదే ఇంకో పాత పికప్ ఉంది, తెల్లది. దాని కింద కట్టలు విప్పి ఉన్నాయా? ఉన్నట్టే గుర్తొచ్చింది. కాణిపాకం మలుపు దాటేసరికి, ఆ తెల్ల బండి కింద నల్లగా నిగనిగలాడే మా కట్టల్ని నేను కళ్లారా చూసినట్టే అయిపోయింది.

మా ఆయనకి చెబితే అంటు కడుతున్న చేయి ఆపలేదు. ఆ మనిషి అలాంటివాడు కాదన్నాడు. నీకు అందరూ మంచివాళ్లే అన్నాను. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళతానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఈసారి ఆయన చెప్పిన అంగడిలోనే కొని, ఆయన చేతే బిగించమని, అప్పుడూ చెడితే నీ ఇష్టమని అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నా కారణం వేరు. ఈసారి పట్టుకుంటాననుకున్నాను.

స్టేషను వెనక సందులో ఆ ముసలాయన అంగడి పగలే చీకటిగా ఉంది. కాఫీ లేదు, కుర్చీ లేదు. నేను మెకానిక్ ఊరు, షెడ్డు చెప్పినా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తెలియనట్టు నటిస్తున్నాడనుకున్నాను. బండి చాసిస్ నంబరు అడిగి, అట్టముక్క మీద రాసుకుని, పది రోజుల తరువాత రమ్మన్నాడు. పది రోజులకి వెళితే గోనెపట్టలో చుట్టిన కట్టలు దించాడు. జిడ్డుగా, మసగ్గా ఉన్నాయి. మొదటి అంగడిలో చూసిన మెరుపు లేదు. కంపెనీ స్టిక్కరు ఉందా అని అడిగాను.

"ఇనుముకి స్టిక్కరెందుకమ్మా," అని బిల్లు చేతికిచ్చాడు.

ఆ కట్టల్ని షెడ్డుకి కాకుండా ముందు ఇంటికి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన నీడ పందిరి కింద మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. కొమ్మలు కోసే రంపానికి పళ్లు సానబెట్టే మూడు మూలల ఆకురాయి తీసుకున్నాను. ఎడమ కట్టలో పెద్ద పట్టీ పైఅంచున, మధ్య నుంచి జానెడు దూరంలో, పక్కపక్కనే మూడు గాట్లు పెట్టాను. ఉక్కు తేలిగ్గా తెగలేదు. ఆకురాయి జారిపోతూ పళ్లు జివ్వుమనేలా కూసింది. ఒక్కో గాటు బియ్యపు గింజంత లోతు దిగేదాకా వదల్లేదు. కుడి కట్టకి కూడా పెట్టాలనుకున్నాను గాని, మా ఆయన అడుగులు వినిపించాయి. గాట్ల మీద జిడ్డు, పొయ్యి మసి కలిపి పూశాను. బయటివాళ్లకి కనిపించదు. నాకు వేలితో తడిమితే తెలుస్తుంది.

బిగించే రోజు షెడ్డు వదల్లేదు. అన్నానికి వెళ్లమంటే ఒక్కపొద్దు అన్నాను. ఆయన నా ముఖం వైపు ఒక క్షణం చూసి, స్టూలు నా వైపు జరిపాడు. కట్టని స్పానరుతో కొట్టి విన్నాడు. ఈసారి వాపసు ఇమ్మనలేదు. తన పని తాను చేసుకుపోయాడు. నేను ప్రతి బోల్టునీ చూస్తూ కూర్చున్నాను.

ఆ తరువాత బండి చాలా బాగా నడిచింది. మొక్కలు కదలకుండా చేరేవి. అయినా వారానికొకసారి బండి కిందికి వంగి, చేయి పోనిచ్చి గాట్లు తడిమేదాన్ని. మూడూ ఉండేవి. ఉన్నందుకు సంతోషం కలగలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇంకా మార్చలేదు, ఈసారి గ్రీజుకి వెళ్లినప్పుడు మారుస్తాడు అనుకునేదాన్ని. గ్రీజు పెట్టించి వచ్చాక మళ్లీ తడిమేదాన్ని. మళ్లీ మూడూ ఉండేవి.

నాలుగు నెలలకి, తిరుపతిలో కొన్ని మొక్కలు దించి, మిగతా లోడుతో పీలేరు వైపు భాకరాపేట ఘాటు ఎక్కుతున్నాను. పొద్దున తొమ్మిది గంటల వేళ. ఒక మలుపులో, పెద్ద గుంట కూడా కాదు, చిన్న కుదుపు. టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చి బండి ఎడమకి ఒరిగిపోయింది. కొండ వైపు మలుపు కాబట్టి సరిపోయింది. అటు వైపైతే లోయ. బ్రేకు మీద కాలు పెట్టి ఆపాను గాని, చాలాసేపు ఆ కాలు తీయలేకపోయాను. వెనక మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని రోడ్డు మీదికి దొర్లాయి.

దిగి చూస్తే ఎడమ కట్టలో పెద్ద పట్టీ రెండు ముక్కలు. రాళ్లు వెతికి టైర్ల కింద పెట్టి, మా ఆయనకి ఫోను చేసి, ఆయన మెకానిక్‌ని పంపిస్తానంటే రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాను. భయం తగ్గేకొద్దీ కోపం పెరిగింది. ముసలాయనా మెకానిక్కూ కలిసి నన్ను చంపబోయారన్నంత దాకా వెళ్లింది నా ఆలోచన. వస్తే ఏమనాలో మాటలు కూర్చుకుంటున్నాను.

మెకానిక్ రెండున్నర గంటల తరువాత తెలిసిన వాళ్ల బండిలో వచ్చాడు. వచ్చీ రాగానే నీకేమన్నా దెబ్బ తగిలిందా అని అడిగాడు. లేదన్నాను. కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. జాకీ పెట్టి, ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య ఒక కొయ్య దుంగ ఇరికించి తాడుతో బిగించాడు. మొక్కల్ని తను వచ్చిన బండిలోకి ఎక్కించి పీలేరు పంపించాడు. మా బండిని తనే మెల్లగా చిత్తూరుకి తోలాడు. నేను పక్కన కూర్చున్నాను.

షెడ్డులో ఆ పట్టీ ముక్కలు విప్పి, కిరసనాయిలుతో తుడిచి, బల్ల మీద పెట్టి నన్ను పిలిచాడు.

"ఈడ సూడు పాపా."

విరిగిన చోట ఉక్కు కలకండ ముక్క విరిగినట్టు తెల్లగా, గరుగ్గా మెరుస్తోంది. ఒక మూల మాత్రం గోరంత మేర నల్లగా ఉంది. ఆ నలుపు చాన్నాళ్లుగా లోపల పాకుతున్న చీలిక అనీ, మిగతాదంతా ఆ పొద్దున ఒక్క దెబ్బకి తెగిందనీ చెప్పాడు. ఆ నలుపు ఎక్కడ మొదలైందో స్క్రూడ్రైవరు మొనతో చూపించాడు. అంచున ఒక గాటు. దాని పక్కనే ఇంకో రెండు.

"ఇది ఆకురాయితో కోసినారు. ఉక్కు పట్టీ అంచున గాటు పడితే, బరువు పడినప్పుడల్లా ఆడ్నే లాగతాది. ఎంత మంచి పట్టీ అయినా నిలవదు," అన్నాడు. తరువాత నా వైపు చూడకుండా అడిగాడు. "ఎవురు పెట్టినారు దీన్ని?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను అబద్ధం చెప్పాను. నాకేం తెలుసు, అంగట్లోనే ఉండుంటుందన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"అయితే పొద్దున తిరప్తికి పోయి ఆయన్ని అడగతా. ముప్పై ఏండ్లుగా ఆయన కాడ తెస్తాండా. ఇట్లాంటి సరుకు ఎట్ల ఇచ్చినాడో కనుక్కోవాల."

ఇంటికి బస్సులో వచ్చాను. మా ఆయనకి మొత్తం చెప్పాను, ఆకురాయి దగ్గర నుంచి. ఆయన వెళ్లి ఆ ఆకురాయిని చూరులోంచి తీసి, వేలితో దాని మూల తడిమి, మళ్లీ అక్కడే పెట్టాడు. ముసలాయన దాకా ఈ సంగతి వెళ్లకముందే, పొద్దున మొదటి బస్సుకి పోయి చెప్పమన్నాడు.

షెడ్డు తెరిచే వేళకి నేను అక్కడున్నాను. గాట్లు నేనే పెట్టానని చెప్పాను. ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. మొదటి కట్టలు ఆయన మార్చేశాడనుకున్నాననీ, అంగడివాడు అలా అన్నాడనీ, ఆ తెల్ల బండి సంగతి కూడా, ఏదీ దాచలేదు. మధ్యలో ఆపుతాడేమోనని చూశాను. ఆపలేదు. అంతా విని షెడ్డు వెనక్కి వెళ్లి, రెండు చేతులతో ఒక పాత కట్ట మోసుకొచ్చి కింద పడేశాడు. నేను మొదట కొన్నవాటిలో ఒకటి. కత్తి తీసుకుని నల్ల రంగు గీకాడు. కింద పసుపు రంగు, దాని కింద తుప్పు తిన్న గుంటలు. పట్టీ వెనక పొడుగునా సుత్తి దెబ్బలు. పాతబడి చచ్చిన పట్టీల్ని కొలిమిలో కాల్చి, కొట్టి, వంపు తెప్పించి, రంగు పూసి అమ్మారు.

"ఇది నాకు ఆ రోజే ఎందుకు చూపించలేదు మామా?"

"మోత బాలేదని సెప్పినా. నువ్వు ఇనలే. నువ్వే అడగతావని పెట్టుకున్యా," అన్నాడు. ఆ రోజు తెల్ల బండి ఇంజను పనికి వచ్చిందని చెప్పాడు. "ఈ పని సేసిస్తా పాపా. పట్టీ నేనే తెప్పిస్తా. తర్వాత ఇంకొకరి కాడికి పో. నా సేతుల్నే సూస్తా కూర్సున్నోళ్ల బండి నేను సెయ్యలేను. సెయ్యి వణకతాది."

ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే బండి కిందికి దూరాడు.

కొత్త పట్టీ తేవడానికి నేనే తిరుపతి వెళతానన్నాను, దానికి మాత్రం సరేనన్నాడు. ముసలాయనకి కూడా నిజం చెప్పాను. ఆయన విరిగిన ముక్కని వెలుగులోకి తీసుకెళ్లి చూసి, మళ్లీ ఎప్పుడూ ఉక్కు మీద చేయి చేసుకోవద్దని చెప్పి, చాసిస్ నంబరు రాసిన అట్టముక్క వెతకడం మొదలుపెట్టాడు. అదే దారిలో అద్దాల తలుపుల అంగడికీ వెళ్లాను. రంగు గీకిన పట్టీని గోనెసంచిలోంచి తీసి అతని బల్ల మీద పెట్టాను. కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు పక్కనే ఉన్నారు. అతను ఏమాత్రం తొణకలేదు. ఇది నా సరుకు కాదక్కా అని అదే జాలితో అని, కాఫీ తెప్పించమంటారా అని అడిగాడు. నేను పట్టీని అక్కడే వదిలేసి వచ్చాను. ఆ ఇద్దరూ ఏమైనా కొన్నారో, నా వెనకే బయటికి వచ్చారో తెలియదు.

ఆ తరువాత మా బండి పూతలపట్టులో ఇంకొక మెకానిక్ దగ్గరికి వెళుతోంది. మంచి పనివాడే. అయినా అతను బోల్టు విప్పితే నేను పక్కనే నిలబడతాను. అనుమానం పోయిందని చెప్తే అది అబద్ధం. ఇప్పుడు దాన్ని నోటితో అడుగుతాను, అంతే తేడా. కొందరు విసుక్కుంటారు. కొందరు విప్పి చూపిస్తారు.

మరుసటి ఏడు వానలు పడ్డాక, ఒక పొద్దున పాత మెకానిక్ మా నర్సరీ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. బస్సులో వచ్చినట్టున్నాడు, చేతిలో ఖాళీ సంచి. కూతురు కొత్త ఇల్లు కట్టుకుందనీ, ఇంటి ముందు వేసుకోవడానికి రెండు బేనీషా మామిడి మొక్కలు కావాలనీ అన్నాడు. మా ఆయన పుల్లల కోసం ఊరెళ్లాడు. నేనే చూపించాల్సి వచ్చింది. ముందు వరసలోంచి రెండు మంచి మొక్కలు తీశాను.

"ఇవి బేనీషానే గదా?" అని అడిగాడు. ఎవరినైనా ఎలా అడుగుతారో అలాగే, మామూలుగా.

అవునని నోటిదాకా వచ్చి ఆగింది. ఆ వరసకి పుల్లలు మావి కావు. వేరే తోటలో, ఒకాయన మాట మీద తెచ్చినవి. మామిడి ఏ జాతిదో కాపుకొచ్చే దాకా ఎవరికీ తెలియదు, అందుకు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా అమ్మినవాళ్ల మాటే దిక్కు. అంతవరకూ ఎంతమందికి ఎంత తేలిగ్గా అవునని చెప్పానో నాకు గుర్తొచ్చింది. ఒక్క నిమిషం ఉండమని, వెనక పందిరి కిందికి వెళ్లి, మా సొంత చెట్టు పుల్లలతో కట్టినవి రెండు వెతికి తెచ్చాను. అవి కాస్త చిన్నవిగా ఉన్నాయి.

"ఇవి సిన్నవి గదా," అన్నాడు.

"వీటి చెట్టు నాకు తెలుసు మామా. దాని కాయలు నేను తిన్నాను," అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. గుంత ఎంత లోతు తియ్యాలో, రెంటికీ మధ్య ఎంత దూరం ఉండాలో అడిగి తెలుసుకున్నాడు. వెళ్లేముందు బండి వైపు చూశాడు.

"ఎట్లుండాది?"

"బాగుంది. పూతలపట్టులో చూపిస్తున్నాం."

"ఆ పిలకాయా? మంచోడే. బుష్షుల కాడ గ్రీజు మర్సిపోతాంటాడు, గెట్టిగా సెప్పు."

బండిలో చిత్తూరు దాకా దించుతానన్నాను. వద్దన్నాడు, బస్సు వేళ అయిందన్నాడు. గేటు దాకా మొక్కలు నేను మోశాను. బస్సు వచ్చింది. మొక్కలకి చోటు లేదని కండక్టరు గొణిగాడు. ఆయన వాదించకుండా ముందు సీటులో కూర్చుని, రెంటినీ ఒళ్లో పెట్టుకున్నాడు.